మేము పడగొట్టిన దిమ్మలు

నేను ఆ ఊరికి పోయింది ఊరిని బాగుచేద్దామని. నవ్వుకునేటోళ్ళు ఇప్పుడే నవ్వుకోండ్రి, మళ్ళ నడుమ నడుమ నవ్వితే నాకు ముచ్చట సాగది. అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. హైదరాబాదుల ఆడపిల్లల కాలేజీల బి.ఏ. రెండో ఏడు. కొత్త పైసలు వచ్చి ఏడాది దాటింది గని జనం ఇంకా అణాలల్లనే మాట్లాడుతుండిరి.

మా లలిత మేడం సాంఘిక శాస్త్రం చెప్పేది. ఎండాకాలం సెలవుల ముందు ఒకరోజు పుస్తకం మూసి, "పల్లెటూరు గురించి పరీక్షలో పది పేజీలు రాస్తారు. పల్లెటూళ్ళో పది రోజులు ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నది. ఒక్క చెయ్యి లేవలేదు. అట్ల మొదలైంది మా ప్రయాణం. పాలమూరు జిల్లాల ఒక ఊర్ల కుంట పూడిక తీస్తున్నరట. పొద్దున మట్టి పని, సాయంత్రం హరిజనవాడల చదువు చెప్పుడు, ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటి సంగతి నోటుబుక్కుల రాసుకొచ్చుడు. ఆ నోటుబుక్కుకు మార్కులు కూడ ఉంటయన్నది.

మా అమ్మ అన్నం మానేసింది. అంటే పొద్దటిది మానేసి రాత్రిది తిన్నది. "పెండ్లి కావలసిన పిల్ల మట్టి గంప ఎత్తుతదా?" అని ఒకటే గోల. బాపు మాత్రం గొడుగు తెచ్చి చేతిల పెట్టిండు. అమ్మ చివరికి ఒక్క మాట తీసుకుంది నా దగ్గర: ఎవరింట్ల పడితే వాళ్ళింట్ల నీళ్ళు తాగొద్దు. ఆ మాట రెండు రోజులు నిలబడ్డది.

చౌటుప్పల్ల ముంజలు

పదకొండు మంది పిల్లలం, మేడం. చౌటుప్పల్ల బస్సు ఆగింది. అప్పుడు అది రోడ్డు పక్కన నాలుగు కొట్లు, అవతల తాటిచెట్లు, అంతే. ఒక ముసలామె తాటాకుల ముంజలు పెట్టుకొని కూసున్నది. డజను రెండణాలు అన్నది. నా దోస్తు జమీల పన్నెండు కొత్త పైసలు ఇచ్చింది. ఆమె పదమూడు కావాలన్నది. "రెండణాలంటే పన్నెండున్నర గదా అవ్వా, ఆ అర పైస నువ్వు ఇడిస్తవా నేను ఇడవాల్నా?" అని జమీల పంచాయితీ పెట్టింది. బస్సుల మగవాళ్ళంత దిగి రెండు జట్లయిండ్రు. డ్రైవరు హారను కొడుతనే ఉన్నడు. ముసలామె విసిగిపోయి, "నీ అర పైస నువ్వే ఉంచుకో తల్లీ, ఇంకో ముంజ గూడ తిను, నా జోలికి మాత్రం రాకు" అని నోట్ల కుక్కినంత పని చేసింది. అంత లేత ముంజలు నేను పట్నంల ఎన్నడు తినలేదు. నీళ్ళు కారి రవికంత తడిసింది, మేడం చూడకుంట కొంగు కప్పుకున్న.

నల్లగొండల టాంగా ఖాసిం సాబు

నల్లగొండల దిగే వరకు ఎండ మొకం మీద కొడుతుండె. రెండు గుట్టల నడుమ ఊరు, ఒక గుట్ట మీద దర్గా. జమీల ఎక్కుదామన్నది, మేడం కళ్ళతోనే వద్దన్నది. ఆ రాత్రి ఒక బడిల పండుకోవాలె. బడి దాకా టాంగా మాట్లాడుకున్నం. టాంగా తోలే ఖాసిం సాబుకు గడ్డమంత తెల్లబడ్డది, నోరు మాత్రం పడుచుది.

"ఏడికి బిడ్డా ఇంతమంది?"

"పాలమూరు దిక్కు. కుంటల మట్టి తీయనీకి."

ఆయన గుర్రాన్ని ఆపి మరీ వెనకకు తిరిగిండు. "చదువుకునే పిల్లలు మట్టి మోసుడేంది? మేము మా పిల్లలు మట్టి మొయ్యొద్దనే గద చదివిస్తున్నం! మీకు చెప్పేటోళ్ళు లేరా?"

మేడం సేవ గురించి, సమానత గురించి ఏదో చెప్పబోయింది. ఆయన అంత విన్నడు. విని, "మంచిదే తల్లీ. కాని మట్టి మోసెటోనికి మట్టి తెలుసు. జర వాళ్ళను అడిగి చెయ్యండ్రి" అన్నడు. నాకు ఆ మాట బొత్తిగ రుచించలేదు. టాంగా ఆయనకు ఏం తెలుసు అనుకున్న. కిరాయి కాడ మాత్రం ఆయన ఒక్క పైస తగ్గలేదు.

దేవరకొండ అవతల

తెల్లారి దేవరకొండ బస్సు. కోట గోడలు గుట్టల మీద పాముల్లెక్క పోతుంటే నోరు తెరుచుకొని చూసినం. దేవరకొండ దాటి నాలుగు మైళ్ళు పోయినంక బస్సు దమ్ము ఇడిసింది. ఇంజను చల్లారాలె, నీళ్ళు కావాలె అన్నడు డ్రైవరు. చుట్టు మోదుగు చెట్లు, రాళ్ళు, ఎండ. దూరంగ ఒక తండా.

లంబాడీ ఆడవాళ్ళు ఇద్దరు బిందెలు ఎత్తుకొని వచ్చిండ్రు. ఒక బిందె ఇంజనుకు, ఒక బిందె మాకు. వాళ్ళ భాష మాకు రాదు, మాది వాళ్ళకు సగమే వస్తది. మా వాడకట్టుల ఎవరన్న దూపకు వస్తే ముందు మీరెవరని అడిగి, తర్వాత ఏ చెంబుల పొయ్యాల్నో చూసుకుంటరు. వీళ్ళు మమ్మల్ని ఏం అడగలేదు. ఆ నీళ్ళు వాళ్ళు రెండు మైళ్ళ నుంచి తెచ్చుకున్నవని బస్సు కదిలినంక కండక్టరు చెప్పిండు. అమ్మకు ఇచ్చిన మాట ఆడనే పోయింది. దాని కోసం నాకు ఏం బాధ కాలేదు గని, ఆ ఇద్దరి పేర్లన్న అడగకపోతి గదా అని ఇప్పటికీ అనిపిస్తది.

వాగు దాటినంక

డిండి వాగు దాటి బస్సు దిగి ఎడ్ల బండ్లు ఎక్కినం. అవతల పాలమూరు జిల్లా. ఊరి పేరు రాస్తలేను. ఆ ఊరి పటేల్ ఇంకా గట్టిగనే ఉన్నడు, నేను మళ్ళ పోవలసినదాన్ని.

ఎర్ర నేల, గుండ్లు, నడుమ నడుమ జొన్న కొయ్యలు. బడి గదిల మా మకాం. మాకు వండిపెట్టేది హరిజనవాడ ఆడవాళ్ళే అని మేడం ముందే కబురు పంపింది. ఊర్ల పెద్దమనుషులు మొకాలు ముడుచుకున్నరు. మా పిల్లలల్ల కూడ ఇద్దరు మొదటి రోజు కడుపునొప్పని పండుకున్నరు. రెండో రోజు ఆకలైంది, లేచిండ్రు.

ఆ తిండి ముచ్చట చెప్పాలె. జొన్న గటక, పచ్చిపులుసు, నంజుకోను ఎల్లిపాయ కారం. గటక గొంతు దిగదని మొదటి ముద్ద చేతిల పట్టుకొని కూసున్న. వడ్డించే ముసలామె నా మొకం చూసి, "నమలకు బిడ్డా, మింగు. గటక నమిలెటోళ్ళను నేను ఇదే చూసుడు" అని పకపక నవ్వింది. ఆమె ఎల్లవ్వ. డెబ్బై ఏండ్లు ఉంటయో అరవయ్యో, ఆమెకే తెలియదు. సన్నగ ఎండు కట్టె లెక్క ఉంటది. వాడల ఏ పనికైన ముందు ఆమె మాటే. పడుచు మొగోళ్ళు చానమంది నందికొండ డ్యాము పనికి పోయిండ్రు, ఇంటి కాడ మిగిలింది ఆడవాళ్ళు, ముసలోళ్ళు.

నోటుబుక్కుల రాసుకోను నాకు ఎల్లవ్వ ఇల్లే వచ్చింది. "మీ ఇంట్ల ఎంతమంది అవ్వా?" అని మొదలుపెట్టిన.

"ఇప్పుడా, పండుగకా?"

"వృత్తి?"

"అంటే?"

"ఏం పని చేస్తరు?"

"మట్టి పని. నా మొగడు బొంబాయి దిక్కు కాలువలు తవ్విండు. నా కొడుకు కృష్ణ అవతల తవ్విండు. ఇప్పుడు నందికొండల తవ్వుతుండు. యాడ కట్ట పోసినా అండ్ల మా పాలమూరోళ్ళ మట్టి ఉంటది. మా ఊరి కుంట మాత్రం ఇన్నేండ్లకు తవ్వుతున్నం."

కుంట సంగతి అప్పుడు తెలిసింది. కట్ట కింద వాడోళ్ళకు కూడ చిన్న చిన్న మళ్ళు ఉన్నయి. కాని తూము నీళ్ళల్ల వాళ్ళకు ఎన్నడు వంతు లేదు. అందరి పొలాలు పారినంక మిగిలితే వాళ్ళకు, మిగలకుంటే లేదు. ఎన్నడు మిగలలేదు. ఈ ఏడు పూడిక తీసుడు పెట్టుకున్నప్పుడు ఎల్లవ్వ నలుగురిల లేచి వంతు అడిగింది. కుంటల వాడకు ఒక మడి గీసి ఇచ్చిండ్రు. ఆ మడి మూరెడున్నర లోతు తవ్వి, మట్టి కట్ట మీద పోసి, కొలతకు నిలబడితే వారానికి ఒక రోజు తూము నీళ్ళు వాళ్ళవి అని పటేల్ ఒప్పుకున్నడు. సర్కారు మనిషి గ్రామసేవక్ సాక్ష్యం. పన్నెండు రోజుల పని. మేము పోయేసరికి సగం దాకా వచ్చింది. శుక్రవారం కొలత.

పటేల్ ఎట్లైన మాట తప్పుతడని నేను నోటుబుక్కుల రాసుకున్న. చెడగొట్టేది నేనే అని ఎట్ల తెలుస్తది!

కుంటల

పొద్దున లేచి కుంటకు పోయి పని చూస్తే కళ్ళు తిరిగినయి. గడ్డపార ఎత్తి ఏస్తే పెళ్ళలు పెళ్ళలు లేస్తుండె. ఒకరు పారతోని గంపకు ఎత్తుతరు, ఒకరు నెత్తికి అందిస్తరు, నెత్తిన పెట్టుకున్నామె ఆగకుండ నడుస్తనే ఉంటది. నిండు గంప కట్ట ఎక్కేది, ఉత్త గంప దిగేది, ఒక్కరు ఒకరికి తాకరు. ఒక బాలింత మూడు కట్టెలకు చీర కట్టి బిడ్డను ఉయ్యాలల పండబెట్టి, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కాలుతోని ఊపి పోతుండె. అడుగు తప్పలేదు.

నేను మొదటి గంప మొకం మీద పోసుకున్న. రెండోది కట్ట సగం ఎక్కినంక జారి, నేనొక దిక్కు, గంప ఒక దిక్కు. బాపు ఇచ్చిన గొడుగు ఆడనే విరిగింది. ఎల్లవ్వ నా మెడ మీద చెయ్యి పెట్టి, "మెడ కాదు బిడ్డా, నడుము మొయ్యాలె" అని చూపెట్టింది. నాలుగో రోజుకు పది గంపలు మోసిన. పెద్ద రాజ్యం గెలిచినట్టు అనిపించింది.

ఆ మడిల ఒక్కటే నాకు నచ్చకపోయేది. అంత సాపుగ తవ్విన నేలల ఏడు చోట్ల ఏడు మట్టి దిమ్మలు, నా తొడ దాకా, నెత్తి మీద ఎండిన తుంగ గడ్డితోని నిలబడి ఉన్నయి. తవ్వలేక ఇడిసిపెట్టిండ్రు కావచ్చు, పాపం అలిసిపోయి ఉంటరు అనుకున్న. ఎవరిని అడగలేదు.

అంగడి రోజు

బుధవారం పక్క ఊర్ల అంగడి. వాడంత అంగడికి పోయింది. మేడం గ్రామసేవక్‌తోని మాట్లాడనీకి పోయింది. శుక్రవారం కొలతకు బ్లాకు ఆఫీసరు కూడ వస్తున్నడని తెలిసింది మాకు.

"ఆఫీసరు వచ్చేసరికి ఆ దిమ్మలు తీసేసి మడి చక్కగ చేద్దాం" అన్న నేను. నేనే అన్న. "వాళ్ళు అంగడి నుంచి వచ్చేసరికి వాళ్ళకు సంబురమైతది." జమీల మాత్రం "అడిగి చేస్తే మంచిది గదా" అని నసిగింది. "ఏం అడుగుతవే? మట్టి తీస్తుంటే వద్దంటరా?" అని కొట్టిపారేసిన. పదకొండు మందిమి పొద్దుగూకే దాకా చేసినం. చేతులు బొబ్బలెక్కినయి. ఏడు దిమ్మలు నేలమట్టం చేసి, మట్టంత కట్ట మీద పోసి, చీపుర్లతోని ఊడ్చినం కూడ. పాటలు పాడుకుంట చేసినం, అది తలుచుకుంటే ఇప్పుడు కూడ చెవులు మూసుకోబుద్ధయితది.

ముందుగాల వచ్చింది ఎల్లవ్వ. కట్ట మీద ఆగిపోయింది. చేతి సంచి కింద పెట్టింది. మేము సంబురంగ చేతులు ఊపినం.

ఆమె వెనక వచ్చిన బాలింత చూసి నెత్తి కొట్టుకొని కూలబడ్డది. "దిమ్మలు ఏవి? అయ్యో, దిమ్మలు ఏవి? మా రెక్కలు ఇరిగినయి గదనమ్మా!" అని ఏడుపు.

ఎల్లవ్వ దిగి వచ్చి మెల్లగ చెప్పింది. అరవలేదు, అరిచినా బాగుండు. మట్టి పని చేసేటోళ్ళు ఎక్కడైన తవ్వకుండ కొన్ని దిమ్మలు ఇడుస్తరు. దిమ్మ నెత్తిన గడ్డి ఉంటే అది పాత నేల. ఆ నెత్తి నుంచి కింది దాకా కొలిస్తే ఎంత లోతు తవ్విండ్రో అంత. దిమ్మ లేకుంటే అది ఉత్త గుంట. ఎన్నడో ఉన్న గుంట అని ఎవరైన అనవచ్చు. ఆ ఊర్ల పాలు తాగే పిల్లలకు కూడ తెలిసిన ముచ్చట అది, అందుకే మాకు చెప్పాలని ఎవరికి తట్టలేదు.

"మళ్ళ పోస్తం అవ్వా, మట్టి తెచ్చి దిమ్మలు చేస్తం" అన్న ఏడ్చుకుంట.

"తవ్విన మట్టి మళ్ళ పోస్తే కుప్ప అయితది బిడ్డా, దిమ్మ గాదు. తుంగ వేర్లు యాడికెళ్ళి తెస్తవు?"

నాకు భూమి చీలి అండ్ల పోతే బాగుండనిపించింది. ఎన్నడు లేని నీళ్ళు రెండు రోజులల్ల వాళ్ళ చేతికి వచ్చేటివి. నేను చీపురు పట్టి ఊడ్చి పారేసిన.

పటేల్ అరుగు మీద

పొద్దున్నే మేడం మమ్మల్ని తీసుకొని పటేల్ ఇంటికి పోయింది. ఎల్లవ్వ, ఇంకో పదిమంది వాడోళ్ళు వచ్చి కింద వాకిట్ల నిలబడ్డరు. మమ్మల్ని అరుగు మీద కూసోమన్నరు, మజ్జిగ ఇచ్చిండ్రు. నేను లేచి చెప్పిన: తప్పు నాది, దిమ్మలు ఉండె, మూరెడున్నర కంటె ఎక్కువే ఉండె, నా కళ్ళతోని చూసిన, నా చేతులతోని పడగొట్టిన.

పటేల్ మీసం సవరించుకున్నడు. నేను తిట్లకు తయారైన. ఆయన నవ్విండు! "అయ్యో, దానికి ఏడుస్తరా అమ్మా? చదువుకున్న పిల్లలు, మీ మాట కాదంటనా? మీరు చెప్పిండ్రు, నాకు చాలు. వాళ్ళకు నీళ్ళిస్త, పోండ్రి."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. జమీల నా చెయ్యి పట్టుకొని పిసికింది. మేడం దండం పెట్టింది. పటేల్ చెడ్డోడని రాసుకున్నందుకు సిగ్గుపడ్డ కూడ.

"వద్దు పటేలా" అన్నది వాకిట్ల నుంచి ఎల్లవ్వ.

అందరం తిరిగి చూసినం. పటేల్ మొకం మారింది. "ఏమే ఎల్లీ, ఇస్తనంటే వద్దంటవా? నెత్తి తిరిగిందా?"

"తిరగలే పటేలా. ఈ పిల్లలు ఎల్లుండి పట్నం పోతరు. వచ్చే ఏడు వానలు లేక కాలం కాకపోతే నువ్వేమంటవు? ఏదో పట్నం ఆడపిల్లలు ఏడిస్తే మొకమాటానికి ఇచ్చిన, ఇగ చాలు అంటవు. నువ్వు అనకున్నా నీ కొడుకు అంటడు. మాకు గట్ల వద్దు. మేము తవ్వినం, నువ్వు కొలిచినవు, ఇచ్చినవు. గట్లుండాలె. మళ్ళ తవ్వుతం. మాకు దినాలు ఇయ్యి."

పన్నెండు రోజుల పని మళ్ళ మొదలుపెడతమంటున్నది, నందికొండకు పోయిన మొగోళ్ళు లేకుండ, రోహిణి కార్తె ఎండల! ఆమె వెనక నిలబడ్డ పదిమందిల ఒక్కరన్న వద్దంటరేమోనని చూసిన. ఒక్కరు అనలేదు. అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. నలభైమంది పన్నెండు రోజులు చేసిన పనికి దిమ్మ కావాలె. నిన్న మొన్న వచ్చిన నేను అరుగు మీద కూసొని రెండు మాటలంటే చాలు, దిమ్మ అక్కరలేదు. ఆ మజ్జిగ నాకు లోపటికి పోలేదు.

"తొలి వాన పడేదాకా టైము" అన్నడు పటేల్ లేచి లోపటికి పోవుకుంట. "వాన పడ్డదా, నన్ను అడగొద్దు."

మళ్ళ మొదలు

పాత మడి పక్కన అంతే మడి గీసిండ్రు. ఎల్లవ్వ ముందు చేసిన పని, ఏడు చోట్ల సున్నంతోని గుండ్రంగ గీసుడు. గీసి నా దిక్కు చూసింది. "గివి ముట్టొద్దు" అన్నది. వాడోళ్ళంత ఒక్కసారి నవ్విండ్రు. నన్ను చూసి నవ్వుతుంటే ప్రాణం లేచొచ్చినట్టైంది, ఎందుకంటే పొద్దటి నుంచి ఎవరు నా మొకం చూడలేదు.

మా పది రోజులు అయిపోయినయి. మేడం కార్డులు రాయించింది, ఇంకో వారం ఆగుతమని. ముగ్గురు పిల్లలు ఇంటికి పోయిండ్రు, వాళ్ళను ఏం అనను. మా అమ్మకు నేను రాసిన కార్డుల "ఆరోగ్యంగ ఉన్న, గటక మంచిగుంటది" అని రెండే ముక్కలు.

ఆ ఎనిమిది రోజులు నేను చూసింది ఎట్ల చెప్పాలె? కోడి కూసే యాల్లకు కుంటల ఉంటుండిరి. ఎండ ముదిరితే ఇంత అంబలి తాగి మళ్ళ దిగుతుండిరి. నందికొండకు కబురు పోతే ఏడుగురు మొగోళ్ళు రెండు రోజులు నడిచి వచ్చిండ్రు, వచ్చిన పూటనే గడ్డపార పట్టిండ్రు. ఎవరు నన్ను తిట్టలేదు. తిట్టే దమ్ము కూడ మట్టికే పెట్టిండ్రు. దిమ్మ దగ్గరకు వస్తే మాత్రం అందరి చెయ్యి మెత్తబడుతుండె. పసిపిల్ల నెత్తి చుట్టు వెంట్రుకలు తీసినట్టు చుట్టు గీకి గీకి తవ్వుతుండిరి. ఎల్లవ్వ దిమ్మ పక్కన నిలబడి తన తొడతోని చూసుకునేది. కట్టె లేదు, టేపు లేదు. "ఇంకో బెత్తెడు" అనేది. మేడం దగ్గర టేపు ఉంటే నేను చాటుకు కొలిచి చూసిన. బెత్తెడే తక్కువున్నది! కాలేజీల మూడు గంటలు లెక్కలు చేసి మేము తప్పుతం.

రెండో రోజే నా అరచేతుల తోలు ఊడింది. ఎల్లవ్వ ఆముదం రాసి గుడ్డ కట్టింది. ఆమెకు నేను ఎంత పని పెట్టిన్నో, నాకు ఆమె ఆముదం రాస్తున్నది. ఏడుపు ఆగలేదు. "ఏడ్వకు, చేతులకు ఉప్పు నీళ్ళు తాకితే మండుతది" అన్నది.

ఏడో రోజు సాయంత్రం పడమట మబ్బు లేచింది. ఒక దిమ్మ చుట్టు ఇంకా మూరెడు కూడ తవ్వలేదు. గడ్డపారల చప్పుడు రెండింతలైంది. జమీల అల్లాను పిలుస్తున్నది, బాలింత మైసమ్మకు మొక్కుతున్నది, నేను ఇద్దరికి మొక్కిన. గాలి లేచింది, దుమ్ము లేచింది, మబ్బు మా నెత్తుల మీదికెళ్ళి తూర్పుకు పోయింది. వానకు మొక్కే ఊర్ల వాన రావొద్దని అంతమంది మొక్కుడు నేను అదొక్కసారే చూసిన.

కొలత

పటేల్ వచ్చిండు. గ్రామసేవక్, ఊరి పెద్దలు వచ్చిండ్రు. బ్లాకు ఆఫీసరు రాలేదు. అంత చేసింది ఆయన కోసమే గద నేను, ఆయన మొకం కూడ చూడలేదు.

కుంట నీళ్ళు చూసుకునే నీరటి కట్టె పట్టుకొని దిగిండు. కట్టె మీద మూరెడున్నరకు గీత. మొదటి దిమ్మ: గీత దాటి నాలుగు వేళ్ళు ఎక్కువ. రెండోది: మూడు వేళ్ళు ఎక్కువ. పటేల్ తనే దిగి వంగి గడ్డి పట్టి గుంజి చూసిండు, పాతదేనా అని. తుంగ ఊడలేదు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడోది మబ్బు పట్టినప్పటిది. గీతకు సమంగ, సరిగ్గ సమంగ.

"వారంవారం ఆయితారం నాడు తూము నీళ్ళు వాడోళ్ళయి" అన్నడు పటేల్. అందరు కొలత చూసిండ్రు.

ఊర్ల చాటింపు వేసేది వాడ మనిషే. పన్ను కట్టుమని, వెట్టికి రమ్మని, పెద్దల మాటలు జీవితమంత డప్పు కొట్టి చాటినోడు. ఆ పూట డప్పు మంటకు కాపుకొని, బజారు బజారున తన వాడ నీళ్ళ వంతు తనే చాటుకుంట పోయిండు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. అంత పెద్ద సంగతి నేను ఏ పుస్తకంల చదవలేదు.

మేము మళ్ళ కుంటకు వచ్చేసరికి ఎల్లవ్వ ఒక్కతే మడిల ఉన్నది. మేము ఆ సాయంత్రమే బయలుదేరాలె. ఆమె నన్ను ఒక దిమ్మ దగ్గరకు తీసుకపోయి గడ్డపార చేతిల పెట్టింది.

"ఇగ కొట్టు బిడ్డా."

"వద్దవ్వా, ఉండనీ" అన్న.

"ఎందుకుంటది? కొలత అయిపోయినంక దిమ్మ తియ్యాలె. నీళ్ళు నిలిచే జాగా అది. కొట్టు."

కొట్టిన. మొన్న పదకొండు మందిమి పాటలు పాడుకుంట పడగొట్టిన దాని అసొంటిదే. ఒక్కదాన్నే తీస్తుంటే పొద్దు వాలింది. అవతల బండ్లు కట్టిండ్రు, మేడం రెండుసార్లు పిలిచింది. ఎల్లవ్వ జరగమనలేదు, సాయం పట్టలేదు, నిలబడి చూసింది. తుంగ వేర్లతోని ఆఖరు పెళ్ళ లేచినంక గంపకు ఎత్తి, నా నెత్తి మీద పెట్టి, నా నడుము మీద చెయ్యి వేసి సరిచేసింది.

"పోయి కట్ట మీద పొయ్యి" అన్నది. "గా నడుమ జర తక్కువున్నది, ఆడ పొయ్యి."

నేను పోయి ఆడ పోసి వచ్చిన.